ఊరు లేనోళ్లకి కొత్త ఊరు

తెలుగులో యాత్రాసాహిత్యం గురించి ఎవరు మాట్లాడినా ఏనుగుల వీరాస్వామయ్య దగ్గరే మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సిందే. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు. 1830 మే నెలలో మద్రాసు నుంచి బయల్దేరి, కాశీ చూసుకుని, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. దారిలో చూసిందంతా స్నేహితుడికి రాసి పంపాడు. 1838లో అది 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయింది. ఏ ఊళ్లో ఏం దొరుకుద్ది, నీళ్లెట్టాంటివి, దిగడానికి చోటుందా, అంగళ్లున్నాయా, అన్నీ రాశాడు. తర్వాత ఆ దారిన పోయేవాళ్లకి పనికొచ్చేట్టు రాశాడు. ఆ పుస్తకం విలువని నేను తగ్గించడం లేదు. నా ప్రశ్న వేరే. ఆయన వెంట దాదాపు వందమంది పరివారం వెళ్లింది. ఆయన సవారీలో కూర్చున్నాడు. ఆ సవారీ మోసినోళ్లు కూడా కాశీ దాకా వెళ్లారు గదా! ఆయన చూసిన ప్రతి ఊరూ వాళ్లూ చూశారు. వాళ్లు యాడ దిగారు? వాళ్లకి నీళ్లెవరు పోశారు? వాళ్ల కాశీయాత్ర ఏది?

ఈ ప్రశ్న వీరాస్వామయ్యని నిలదీయడానికి కాదు. ఆయన తర్వాత నూట ఎనభై ఏళ్లకి పైగా తెలుగులో యాత్రలు రాసినోళ్లనీ, వాటిమీద పరిశోధనలు చేసి డాక్టరేట్లు తెచ్చుకున్నోళ్లనీ అడుగుతున్నా. యాత్ర అంటే ఏంటో మీరు నిర్ణయించారు. ఎవరి ప్రయాణాన్ని యాత్ర అనాలో, ఎవరిదాన్ని వలస అనాలో కూడా మీరే నిర్ణయించారు. ఒకే రైల్లో ఒకే పెట్టెలో ఇద్దరు పోతుంటే ఒకరిది అనుభవం, ఇంకొకరిది బతుకుతెరువు. ఒకరు రాస్తే సాహిత్యం. ఇంకొకరు జనాభా లెక్కల్లో ఒక అంకె.

ముందు 'ఊరు' అనే మాట దగ్గరకి రండి. మా కృష్ణా డెల్టాలో మాదిగపల్లెలో పుట్టినోళ్లకి ఈ మాటకి రెండర్థాలు తెలుసు. ఎవరన్నా బయటోళ్లు "మీదే ఊరమ్మా?" అని అడిగితే ఊరి పేరు చెప్తాం. అది రేషన్ కార్డు మీద ఉండే ఊరు. కానీ మాలో మేం మాట్లాడుకునేప్పుడు ఊరు వేరు, పల్లె వేరు. "ఊళ్లోకెళ్లొస్తా" అని మా అమ్మ అన్నదంటే పల్లె దాటి, కాలవ దాటి, పెద్దకులాలోళ్ల వీధుల్లోకి పోయొస్తానని. అంత దూరం కూడా కాదు, కేకేస్తే వినపడుద్ది. అయినా అమ్మ చీర సర్దుకునేది. ఏ వీధిలో ఎట్టా నడవాలో, ఏ అరుగు ముందు ఆగకూడదో, ఎవరింటి పెరటి వైపు నుంచి పిలవాలో చిన్నప్పుడే మాకు చెప్పింది. కాఫీ హోటలు చూరులో మాకు వేరే గ్లాసులుండేవి. తాగి, కడిగి, మళ్లీ అక్కడే పెట్టాలి. ఇదంతా ఏంటి? కొత్త ఊరికి పోయేవాళ్లకి పెద్దవాళ్లు చెప్పే జాగ్రత్తలు! మిగతావాళ్లు ఇరవయ్యేళ్లకి కాలేజీకని బస్సెక్కేటప్పుడు వినే మాటలు మేం నాలుగేళ్లకే విన్నాం. మాకు మొదటి కొత్త ఊరు మా ఊరే.

కాబట్టి కొత్త ఊరి గురించి పుస్తకాల్లో కనిపించే ఆ పులకింత మాకు కొంచెం ఎడంగా ఉంటది. ఆ పులకింత రావాలంటే ముందు పాత ఊరు మనదై ఉండాలి. తనది అనుకున్న వీధి, తనని పేరుపెట్టి పిలిచే అంగడి, తలెత్తుకుని నడిచిన బజారు ఉండాలి. వాటిని వదిలి, ఎవరూ ఎరగని చోటికి వెళ్తే అప్పుడు 'నేనెవరు' అన్న ప్రశ్న తియ్యగా ఉంటది. మాకు ఆ ప్రశ్న తియ్యన కాదు. కొత్త ఊళ్లో అది మేం వేసుకునేది కాదు, ఎదుటోడు మమ్మల్ని అడిగేది. గుంటూరు వైపు "మీరేవుట్లు?" అంటారు. ఇంటిపేరడుగుతారు. ఏ వీధి అంటారు. అన్నీ ఒకటే ప్రశ్న.

మావాళ్లు ప్రయాణాలు చెయ్యలేదా? తెలుగునేల మీద మావాళ్లంత తిరిగినోళ్లు తక్కువ. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి రంగూన్ పోయారు. అక్కడ తెలుగోళ్లందరికీ కోరంగీలనే పేరొచ్చింది. బియ్యం మిల్లుల్లో బస్తాలు మోశారు, రేవులో ఓడలు దించారు. 1930 మేలో రంగూన్ రేవులో ఆ తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి. వీరాస్వామయ్య కాశీకి బయల్దేరిన నెల నుంచి లెక్కపెడితే సరిగ్గా నూరేళ్లు. పాలమూరు కూలీలు దేశంలో ఎన్ని ఆనకట్టలకి రాళ్లెత్తారో లెక్కలేదు. మా పల్లె ఆడోళ్లు మిరపకోతలకి పోయి నెలల తరబడి వేరే జిల్లాల్లో గుడిసెలేసుకుని ఉండొచ్చేవాళ్లు. వాళ్లకి ఊళ్ల పేర్లు తెలుసు, దారులు తెలుసు, ఏ బావి దగ్గరికి పోవచ్చో, ఏ బావి దగ్గరికి పోకూడదో తెలుసు. వీరాస్వామయ్య రాసిన వివరాలు ఏవైతే ఉన్నాయో అవన్నీ మా అమ్మమ్మ నోట్లో ఉన్నాయి. ఆమె చేతిలో కలం లేదు, అంతే.

ఇంకో రకం ప్రయాణం ఉంది. దాన్ని ఏ యాత్రాసాహిత్య చరిత్రలోనూ పెట్టరు. 1985 జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద పడి నరికినప్పుడు మిగిలినోళ్లు కట్టుబట్టలతో చీరాల చేరారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపి గోతాల్లో కుక్కినప్పుడు బతికినోళ్లు తెనాలి చేరారు. ఆ రోజుల్లో చీరాల రోడ్ల మీద, తెనాలి రోడ్ల మీద మొదటిసారి నిలబడిన పిల్లల్ని తలుచుకోండి. వాళ్లకి కొత్త ఊరు అట్టా పరిచయమైంది. కారంచేడు గొడవ మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైంది. చుండూరు గొడవ సినిమా హాల్లో కాలు తగిలిందనే దగ్గర మొదలైంది. చెరువుగట్టు, సినిమా హాలు! ఎవరైనా రావచ్చని చెప్పే చోట్లే రెండూనూ. అందరిదీ అన్న చోటే మాకు ప్రమాదమైన చోటని ఇంతకంటే రుజువేం కావాలి?

తెలుగు పద్యంలో దీన్ని అందరికంటే ముందు పట్టుకున్నవాడు జాషువా. 1941లో వచ్చిన 'గబ్బిలం' మేఘదూతానికి అనుకరణ అని మాస్టార్లు క్లాసులో చెప్పి వదిలేస్తారు. అది సగం మాటే. మేఘదూతంలో యక్షుడు శాపం వల్ల దూరమయ్యాడు. శాపానికి గడువుంది, ఏడాది గడిస్తే ఇంటికి పోతాడు. జాషువా కావ్యంలో మనిషికి గడువు లేదు. తంజావూరు వైపు ఉన్న ఆ పంచముడు తన కష్టం కాశీలో శివుడికి చెప్పుకోవాలి. తాను పోలేడు, పోయినా గుళ్లోకి రానివ్వరు. గబ్బిలానికి గుళ్లోకి అడ్డం లేదు. అందుకని దాన్ని పంపాడు. దారిపొడుగునా ఏ చోట ఏముందో దానికి చెప్తాడు. ఆంధ్రదేశపు చరిత్రంతా, కవులు, రాజులు, శిథిలాలు అన్నీ చెప్తాడు. నేను దీన్ని ఒక యాత్రాచరిత్రగా చదువుతాను. చేయనివ్వని యాత్ర తాలూకు చరిత్ర. దేశమంతా మనసులో ఉన్నవాడికి అడుగుపెట్టే హక్కు లేదు. దేశమంటే ఏమీ తెలియని గబ్బిలానికి ఉంది. ఆ కావ్యంలోని కరుణని మెచ్చుకున్న విమర్శకులు ఈ ప్రయాణం సంగతి ఎందుకడగలేదు? అడిగితే, ఆ దారిలో వాళ్ల ఊళ్లు కూడా ఉన్నాయి గాబట్టి.

వచనంలో అయితే అంబేద్కర్ రాసిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' ఉంది. చిన్న పుస్తకం. కూర్చుని గంటలో చదవొచ్చు. 1990లో పుస్తకంగా వచ్చింది. మనవాళ్లు దాన్ని ఆత్మకథ ముక్కలనుకుంటారు, లేదా అంటరానితనానికి సాక్ష్యాల పత్రం అనుకుంటారు. నేను విద్యార్థులకి చెప్పేదేంటంటే, దాన్ని యాత్రాసాహిత్యంగా చదవండి. పేరులోనే వీసా ఉంది. అందులో ఆరు భాగాలుంటే నాలుగు ఆయన సొంత ప్రయాణాలు. ఒకటి రైల్వే స్టేషన్లో, ఒకటి బసలో, ఒకటి టాంగాలో, ఒకటి కోట ముందరి నీళ్లకుంట దగ్గర జరిగాయి. ఇంటి దగ్గర కూర్చున్నప్పుడు జరిగినవి కావు.

మొదటిది 1901లో. తొమ్మిదేళ్ల పిల్లోడు. అన్నతో, చనిపోయిన అక్క కొడుకులతో కలిసి, గోరెగావ్‌లో ఉద్యోగం చేస్తున్న తండ్రి దగ్గరకి రైల్లో పోయాడు. మసూర్ స్టేషన్లో దిగితే తండ్రి మనిషి రాలేదు. పిల్లలు మంచి బట్టలేసుకున్నారు. స్టేషన్ మాస్టారు దయగానే మాట్లాడాడు, ఏ కులమో తెలిసేదాకా. తెలిశాక వెనక్కి తగ్గాడు. బండోళ్లెవరూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు డబ్బులిచ్చి, పిల్లలే బండి తోలుకునేట్టు, బండాయన పక్కన నడిచేట్టు ఒప్పందం! మూటలో అన్నముంది. తాగడానికి నీళ్లు లేవు. నీళ్లు పుట్టక అన్నం తినలేక రాత్రంతా గడిపారు. కొత్త ఊరికి సరదాపడి బయల్దేరిన పిల్లలు గదా వాళ్లు. ఆ సరదాని కూడా ఆయన రాశాడు. అది గమనించండి. కొత్త బట్టల సంగతి ముందు రాయకపోతే నీళ్ల సంగతికి అంత బరువు రాదు.

రెండోది బరోడా. కొలంబియాలో, లండన్‌లో చదువుకుని వచ్చాడు. అక్కడున్న ఏళ్లలో తాను అంటరానివాణ్నన్న సంగతే మనసులోంచి తుడిచిపెట్టుకుపోయిందని రాశాడు. బరోడా స్టేషన్లో దిగంగానే మొదటి ప్రశ్న: యాడికి పోవాలి? యాడ దిగాలి? హిందూ హోటళ్లలో రానివ్వరు. పార్శీల బసలో పార్శీ పేరు రాయించుకుని మేడమీద ఒంటరిగా ఉన్నాడు. లాంతరు వెలుతుర్లో చదువుకుంటూ గడిపాడు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని మనుషులొచ్చారు. సాయంత్రంలోగా ఖాళీ చెయ్యమన్నారు. ఇద్దరు స్నేహితుల్ని అడిగాడు, ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. ఇద్దరూ ఏదో ఒకటి చెప్పారు. బొంబాయి రైలు టైమయ్యేదాకా పార్కులో కూర్చున్నాడు. అంత చదువుకున్నవాడికి ఆ ఊరిచ్చిన చోటు పార్కు బెంచీ.

1929లో చాలీస్‌గావ్ సంగతి నాకు అన్నిటికంటే గుచ్చుకుంటది. టాంగావాలాలు అంటరానివాణ్ని ఎక్కించుకోమన్నారు. అతిథిని నడిపించడం అక్కడి మహర్లకి అవమానమనిపించింది. టాంగా అద్దెకి తీసుకుని, ఎప్పుడూ తోలని వాళ్లలో ఒకడు పగ్గాలు పట్టుకున్నాడు. కల్వర్టు దగ్గర అదుపు తప్పి అంబేద్కర్ రాళ్ల మీద పడ్డాడు. కాలు విరిగింది. ఆయన దాన్ని రాసిన తీరు చూడండి. ఆ తోలినోణ్ని తిట్టలేదు. ఆ వాడ గౌరవం ఎంత ఖరీదైందో చెప్పి ఊరుకున్నాడు. కొత్త ఊళ్లో మనకి ఆసరా ఇచ్చేది మన వాడే, ఆ వాడకి ఇవ్వడానికి ఉన్నది ఎంతో, లేనిది ఎంతో ఈ ఒక్క సంఘటనలో తెలుస్తది. ఇక 1934లో దౌలతాబాద్ కోట. అది అప్పుడు నిజాం రాజ్యం. కోట ముందరి కుంటలో కాళ్లూ మొహం కడుక్కున్నందుకు ముస్లింలు గొడవకొచ్చారు. హిందువుకి అంటరానివాడు పార్శీకీ, ముస్లింకీ కూడా అంటరానివాడేనని ఆయన తేల్చుకున్నది ఇంట్లో పుస్తకం చదివి కాదు, ప్రయాణంలో.

ఇక్కడ ఇంకో మాట చెప్పుకోవాలి. అంబేద్కర్ అంటరానితనాన్ని మరిచిపోగలిగిన న్యూయార్క్ ఉంది గదా, ఆయన చదివిన కొలంబియా యూనివర్సిటీ పక్కనే హార్లెం. నల్లవాళ్ల పేట. అక్కడ విక్టర్ హ్యూగో గ్రీన్ అని పోస్టాఫీసు ఉద్యోగి 1936 నుంచి ఒక పుస్తకం వెయ్యడం మొదలుపెట్టాడు. నల్లవాళ్లు ప్రయాణంలో ఏ ఊళ్లో ఎక్కడ తినొచ్చు, ఎవరింట్లో పడుకోవచ్చు, ఎక్కడ పెట్రోలు పోస్తారు అని పేర్లు, అడ్రసులు. దాన్ని గ్రీన్‌బుక్ అంటారు. 1960ల నడుమ దాకా వచ్చింది. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చాక దాని అవసరం తగ్గింది. ఒకే నగరం ఒకరికి కులాన్ని మరిపించింది, ఇంకొకరికి రంగుని క్షణక్షణం గుర్తు చేసింది. కాబట్టి 'నగరంలో ఎవరూ ఎవర్నీ పట్టించుకోరు' అనే మాటని ఎవరన్నా గాల్లో అంటే నమ్మకండి. ఏ నగరం, ఎవర్ని పట్టించుకోదు అని అడగండి.

మనకి గ్రీన్‌బుక్ అచ్చు కాలేదు. నోటి మాటగా ఉంది. నాకు అది విశాఖపట్నంలో తెలిసింది.

1993. ఉద్యోగం పరీక్షకి హాల్ టికెట్టు వచ్చింది. సెంటరు విశాఖపట్నం. అప్పటికి నేను తెనాలి, గుంటూరు తప్ప ఇంకో టౌను ఒంటరిగా చూళ్లేదు. ఆ రోజుల్లో స్త్రీవాదం మీద చర్చలు బాగా జరుగుతుండేవి. గడప దాటడం గురించి కవితలొచ్చేవి. అవి చదివి నేను మా అమ్మ వంక చూసేదాన్ని. తెల్లారుజామున నాలుగింటికి ఒంటరిగా చేలో కూలికి పోయే మనిషికి గడపేది? పై కులాల ఆడోళ్లకి బయటికి రావడం తిరుగుబాటు. మా ఆడోళ్లని ఎవరూ లోపల ఉంచలేదు, ఎండలోకి తోలారు. మరి మాకు మొదటి ప్రయాణం అంటే ఏంటి? నాకు హాల్ టికెట్టు చూస్తే తెలిసింది. దానిమీద నా పేరుంది. కూలికి కాదు, కోతలకి కాదు, ఎవరో తరిమితే కాదు, నా పనిమీద నేను పోవడం. మా ఇంట్లో మూడు తరాల్లో అట్టా బయల్దేరిన ఆడమనిషిని నేనే. అమ్మ ఆ కాగితాన్ని చదవలేదు. బైబిల్లో పెట్టి రెండు రోజులుంచి, బయల్దేరేటప్పుడు తీసిచ్చింది.

సంఘంలో పనిచేసే ఒకన్న చీటీ రాసిచ్చాడు, అక్కడి హాస్టల్లో ఉండే మన అమ్మాయికి. రాత్రి బండెక్కి, దాదాపు 380 కిలోమీటర్లు జనరల్ పెట్టెలో కూర్చుని శనివారం పొద్దున దిగాను. హాస్టలుకి పోతే ఆ అమ్మాయి వాళ్లూరెళ్లింది, ఆదివారం మధ్యాహ్నానికొస్తదన్నారు. లాడ్జికెళ్లాను. కౌంటర్లో కూర్చున్నాయన, "ఎంతమంది?" అన్నాడు.

"ఒక్కదాన్నే."

"మగోళ్లెవరూ లేరా?"

"లేరు. పరీక్షుంది."

"ఏ ఊరు?"

"తెనాలి దగ్గర."

"ఎవరి తాలూకమ్మా మీరు?"

ఆ మాట నాకు మొదట అర్థం కాలేదు. మా వైపు అట్టా అడగరు. రిజిస్టర్లో పేరు రాశాను. నాది బైబిలు పేరు. మా ప్రాంతంలో బైబిలు పేరంటే కులం సర్టిఫికెట్టు. పైగా తెనాలి దగ్గర అన్నాను. చుండూరు జరిగి అప్పటికి రెండేళ్లు కాలేదు. ఆయన పుస్తకం తిప్పి చూసి, పెన్ను జేబులో పెట్టుకుని, "ఖాళీల్లేవమ్మా" అన్నాడు. వెనక బోర్డుకి తాళాలు వేలాడుతున్నాయి.

ఈ సంగతి తర్వాత ఇద్దరికి చెప్పాను. ఒక స్త్రీవాద మిత్రురాలు, "ఒంటరి ఆడదానికి ఎక్కడా ఇవ్వరు, కులం నీ ఊహ" అన్నది. మన సంఘంలో అన్న, "అదంతా కులమే, ఆడదానివని కాదు" అన్నాడు. ఇద్దరూ నన్ను సగం చేశారు. రిజిస్టర్లో నా పేరు ఒకటే ఉంది. అది ఆడపేరూ, మాదిగపేరూ. ఆ మనిషి దేన్ని చూసి పెన్ను జేబులో పెట్టుకున్నాడో విడదీసి చెప్పాల్సిన భారం నాదెందుకైంది? ఈ ప్రశ్నకి జాగా అప్పటి స్త్రీవాద సంకలనాల్లోనూ చాల్లేదు, దళిత సంకలనాల్లోనూ చాల్లేదు.

బయట రోడ్డు ఊడుస్తున్న ఒకామె నన్ను చూసింది. రెల్లి ఆమె. ఆ తీరం టౌన్లలో మున్సిపాలిటీ చీపురు ఎక్కువగా వాళ్ల చేతికే ఇచ్చారు. "ఏటమ్మా, ఎవులి కోసం సూస్తన్నావు?" అన్నది. చెప్పాను. నా కులం అడగలేదు. "మీ అమ్మ ఏం పన్జేస్తాది?" అన్నది. కూలి అన్నాను. చీపురు గోడకి ఆనించి చెప్పుకొచ్చింది. తిరుగు టికెట్టు ఇప్పుడే కొనుక్కో, ఆడోళ్ల వెయిటింగ్ హాల్లో పడుకో, అడిగితే టికెట్టు చూపించు. స్టేషన్ అవతల జ్ఞానాపురంలో చర్చి ఉంది, భయమేస్తే అక్కడికి పో. ఫలానా సందులో ఇడ్లీ బండుంది, దాని దగ్గర తిను. ఫలానా వైపు చీకటి పడ్డాక పోవద్దు. ఇదీ మన గ్రీన్‌బుక్. ఒక్క అక్షరం కూడా అచ్చు కాలేదు. ఆమె మాట ప్రకారం ఆ రాత్రి స్టేషన్లో గడిచింది. ప్లాట్‌ఫారం మీద కుళాయి తిప్పి నీళ్లు తాగాను. ముందు తాగినోడెవరో తెలియదు, వెనక తాగేదెవరో తెలియదు.

అయితే ఆ రోజంతా బాధేనని రాస్తే అబద్ధమవుద్ది. సాయంత్రం బీచికి నడిచాను. సముద్రం నేను మొదటిసారి చూడటం. ముంత మసాలా కొనుక్కున్నాను. అందరికీ ఏ కాగితంలో కట్టిచ్చాడో నాకూ ఆ కాగితంలోనే ఇచ్చాడు. గంటన్నర ఒంటరిగా కూర్చున్నాను. ఎవరూ లేవమనలేదు. ఎవరి అరుగూ కాదు, ఎవరి పొలం గట్టూ కాదు. పొట్లం అయిపోయాక ఇంకోటి కొనుక్కున్నాను. ఊళ్లో మా వయసు ఆడపిల్ల పని లేకుండా గంటన్నర ఒకచోట కూర్చోవడం ఎప్పుడూ జరగలేదు. ఆ ఆనందం నాది. దాన్ని ఎందుకు దాచాలి?

దీన్ని దాచమనే మనవాళ్లు ఉన్నారు, అందుకే రాస్తున్నా. ఒక సభలో ఇట్టాంటి సంగతి చదివితే ఒక కార్యకర్త లేచి, "ఒకవైపు పల్లెలు తగలబడుతుంటే బీచి గురించి రాస్తారా?" అన్నాడు. అతని కోపం నాకు తెలుసు, అది మంచి కోపమే. కానీ పల్లెలు తగలబెట్టేది ఎందుకు? మనం చెరువు గట్టున నిలబడ్డామని, సినిమా హాల్లో కూర్చున్నామని. ఊరికే కూర్చునే హక్కు కోసం మనుషులు చచ్చిపోయారు. అది దొరికిన గంటన్నర గురించి రాయడం పోరాటానికి బయట ఎట్టా అవుద్ది? రాజ్యాంగంలో 15వ అధికరణం రెండో భాగం చూడండి. అంగళ్లు, హోటళ్లు, వినోదశాలలు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు. కులం పేరుతో వీటిల్లోకి రాకుండా ఎవర్నీ ఆపకూడదన్నారు. ఇది ప్రయాణం చేసే మనిషికి కావలసిన జాబితా. ఆ రాజ్యాంగ ముసాయిదా కమిటీకి అధ్యక్షుడు బరోడాలో బస దొరకనివాడు. 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. 1976లో దాని పేరు పౌరహక్కుల రక్షణ చట్టంగా మారింది. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం. చట్టాలున్నాయి. లాడ్జిలో పెన్ను జేబులో పెట్టుకున్నోడి మీద ఏ సెక్షన్ పెడతారు? "ఖాళీల్లేవు" అన్నాడంతే గదా.

అంబేద్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో గ్రామాన్ని అజ్ఞానానికీ సంకుచితత్వానికీ నెలవన్నాడు. పల్లె వదలండి, పట్నం పోండని మనం ఆ మాట పట్టుకున్నాం. పట్టుకోవాల్సిందే. నేను పట్నం పోయినందుకే ఇది రాయగలుగుతున్నా. కానీ పట్నం తనంతట తాను మనకి చోటివ్వదు. పై కులాలు ఈ సంగతి మనకంటే ముందే గ్రహించాయి. పట్నానికొచ్చిన తమ పిల్లలకి తమ చోటు తామే కట్టుకున్నాయి. యాత్రాస్థలాల్లో కులానికో సత్రం. హైదరాబాదులో రెడ్డి హాస్టల్ 1918లోనే వచ్చింది. కొత్త ఊళ్లో దిగిన వాళ్ల పిల్లోడికి స్టేషన్ నుంచి నేరుగా పోవడానికి ఒక అడ్రసుంది. మన పిల్లకి సోషల్ వెల్ఫేర్ హాస్టలుంది. ఆదివారం ఆ అమ్మాయి రాగానే నన్ను గదిలోకి తీసుకుపోయింది. ముగ్గురుండే గదిలో నేను నాలుగోదాన్ని. వాళ్ల కంచంలో అన్నం తిన్నాను. గెస్టుగా హాస్టల్లో ఉండటం తప్పని వార్డెన్లంటారు. మనకి సత్రాలెవరు కట్టారని ఆ రూలు?

ఆ హాస్టలు తలుపు మూస్తే ఏమవుద్దో 2016లో చూశాం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టళ్లలోంచి అయిదుగురు దళిత విద్యార్థుల్ని బయటికి పంపితే వాళ్లు ఆరుబయట గుడారమేసుకుని దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. జనవరి 17న రోహిత్ వేముల మనకి లేకుండా పోయాడు. గుంటూరు నుంచి వచ్చిన పిల్లోడు. యూనివర్సిటీ నడిబొడ్డున వెలివాడ అని బోర్డు పెట్టిన ఆ పిల్లల్ని నేను గొప్ప విమర్శకులనుకుంటాను. కొత్త ఊరు ఎప్పుడు పాత ఊరవుద్దో ఒక్క మాటలో చెప్పారు.

మన సాహిత్యం వైపు కూడా చూసుకోవాలి. మన కథలు, కవితలు, ఆత్మకథలు వాడ గురించి బాగా రాశాయి. గాయం గురించి రాశాయి. అది ఎవరూ రాయలేదు గాబట్టి మనమే రాయాల్సొచ్చింది. కానీ వాడ దాటి మొదటిసారి బస్సు దిగిన రోజు గురించి, అద్దె గది కోసం ఇంటిపేరు మార్చి చెప్పిన రోజు గురించి, ఎవరూ ఏమీ అడగని ఒక సాయంత్రం గురించి తక్కువ రాశాం. రాసినా అవమానం దగ్గర ఆపేశాం. అవమానం ఒక్కటే రాస్తే పై కులం పాఠకుడు జాలిపడి పుస్తకం మూస్తాడు. కొత్త బట్టలేసుకున్న పిల్లోడి సరదా కూడా రాసిన అంబేద్కర్ దగ్గర మనం ఇది నేర్చుకోవాలి. మనం పోగొట్టుకున్నదేంటో తెలియాలంటే మనం కోరుకున్నదేంటో ముందు కాగితం మీద ఉండాలి.

విద్యార్థి మిత్రులకి ఒక పని చెప్తున్నా. యాత్రాసాహిత్యం మీద మళ్లీ అదే వరస పరిశోధనలు చెయ్యకండి. మీ వాడలో రంగూన్ పోయినోళ్ల మనవలున్నారేమో అడగండి. కోతలకి పోయిన అవ్వలని కూర్చోబెట్టి ఏ ఊళ్లో ఏ బావి నీళ్లు తాగారో రాసుకోండి. మీరు మొదటిసారి ఒంటరిగా దిగిన ఊరు గురించి రాయండి. ఎవరు పేరడిగారు, ఎవరు చోటిచ్చారు, ఎవరు దారి చెప్పారు, ఎక్కడ ఊరికే కూర్చున్నారు, ఇవన్నీ ఊళ్ల పేర్లతో, సంవత్సరాలతో రాయండి. వచ్చే నెల కూడా పొన్నూరు నుంచో, అచ్చంపేట నుంచో ఒక పిల్ల తన పేరున్న హాల్ టికెట్టు పట్టుకుని బయల్దేరుద్ది. రోడ్డు ఊడ్చే ఆమె ఆ పూట అక్కడ లేకపోతే ఆ పిల్లకి దారి చెప్పేదెవరు? పుస్తకం అందుకు కావాలి.